ఏరువాక పాట

జ్యేష్ఠమాసం రాగానే కోనసీమలో కాలువగట్లకు కొత్త కళ వస్తుంది. ధవళేశ్వరం వద్ద 1852 నాటికి సర్ ఆర్థర్ కాటన్ పూర్తిచేయించిన ఆనకట్ట పుణ్యమా అని, గోదావరి నీరు కాలువల వెంట సాగివచ్చి కొత్తపేట, అమలాపురం, రాజోలు ప్రాంతాల మాగాణులను తడుపుతుంది. పూర్ణిమనాడు రైతు ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి, కాడికి పసుపుకుంకుమలు పెట్టి, తొలిచాలు దున్నుతాడు. అదే ఏరువాక. ఆ పండుగ పేరు చెప్పగానే తెలుగువారి చెవుల్లో ఒక పాట మ్రోగుతుంది. అది 1955లో వెలువడిన ‘రోజులు మారాయి’ చిత్రంలోని ‘ఏరువాకా సాగారో’ అన్న పాట.

సారథీ సంస్థ నిర్మించిన ఆ చిత్రానికి తాపీ చాణక్య దర్శకుడు. భూమిని నమ్ముకొన్న రైతుకూ, ఆ భూమిపై పెత్తనం చేసే జమీందారుకూ మధ్య జరిగిన సంఘర్షణ అందులోని కథావస్తువు. పాటను కొసరాజు రాఘవయ్య చౌదరి రచించగా మాస్టర్ వేణు స్వరపరచారు. జిక్కి గానం చేశారు. కొసరాజు బాపట్ల సమీపంలోని అప్పాపురంలో 1905లో జన్మించారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’కు పాటలు వ్రాసి, అందులో నటించారు కూడా. పల్లెపదం ఆయనకు పుస్తకాల వలన అబ్బినది కాదు, పుట్టిపెరిగిన నేల ఇచ్చినది.

ఆ సంగతి ఈ పాటలో ప్రతి చరణమూ చెబుతుంది. గంపలోని నవధాన్యాలు, మూటలోని చద్దియన్నం, చేతిలోని ముల్లుకర్ర, వెంట నడిచే ఇల్లాలు - రైతు పొలానికి బయలుదేరే దృశ్యమంతా అందులో ఉంది. ఎలపట, దాపట ఎడ్లను గుర్తెరిగి కట్టడం మొదలు విత్తు చల్లడం వరకు సేద్యపు పనులన్నీ వరుస తప్పక నడుస్తాయి. నిజానికి ఇది చాళ్ళు తీసి విత్తనం చల్లే సేద్యం. కోనసీమ మాగాణి పద్ధతి వేరు. అక్కడ ఆకుమడి పోయాలి, చేను దమ్ము చేయాలి, నడుము వంచి నాట్లు వేయాలి. అయినా ఆ పాట తమది కాదని డెల్టా రైతులు అనుకోలేదు. పని తీరు వేరైనా చెమట ఒక్కటే కదా!

పాట ఉత్సాహంతోనే ముగిసిపోదు. పొలాలమ్ముకొని పట్టణాలలో మేడలు కట్టేవారిని, ప్రజాసేవ పేరుతో కేకలు వేస్తూ ఒళ్ళు వంచని వారిని కవి నిలదీస్తాడు. రైతు శక్తిని వారు గుర్తించరని హెచ్చరిస్తాడు. కాలు కదిపించే లయలో ఇంత కటువైన సత్యాన్ని పొదగడమే కొసరాజు నేర్పు.

విచిత్రమేమంటే, ఆ 1955లోనే అమెరికాలో మరొక పాట యువతరాన్ని ఊపివేసింది. బిల్ హేలీ బృందం పాడిన ‘రాక్ అరౌండ్ ది క్లాక్’ అంతకు ముందు సంవత్సరమే విడుదలైనా, జనం పెద్దగా పట్టించుకోలేదు. 1955లో ‘బ్లాక్‌బోర్డ్ జంగిల్’ అనే చలనచిత్రం దానికి ప్రాణం పోసింది. ఆ జూలైలో అది దేశంలోకెల్లా ప్రథమస్థానానికి చేరింది. ఆ పాటలో గిటారు మెరుపులు మెరిపించిన డానీ సెడ్రోన్‌కు ఆనాటి పనికి ముట్టినది 21 డాలర్లు. 1954 జూన్‌లో మెట్లపైనుంచి పడి మరణించిన అతడు తన వాద్యం లోకాన్ని జయించడం చూడనేలేదు. నల్లజాతి శ్రమజీవుల గానంలోనుంచి, పల్లెపాటల్లోనుంచి పుట్టిన ఆ సంగీతానికి అసలు కర్తలెందరో పేరులేకుండానే మిగిలిపోయారు.

ఏరువాక పాటకూ ఇటువంటి ప్రయాణమే ఉంది. ఆ పాటకు నర్తించిన వహీదా రెహమాన్‌కు అంతకు ముందు పేరు లేదు. ఆ నృత్యం తెచ్చిన కీర్తి హైదరాబాదు వచ్చిన గురుదత్ దృష్టిని ఆకర్షించింది. 1956లో ‘సి.ఐ.డి.’, మరుసటి ఏడు ‘ప్యాసా’ చిత్రాలతో ఆమె దేశమంతటికీ పరిచితురాలైంది. బాణీ కూడా బొంబాయి చేరింది. 1960లో వచ్చిన ‘బంబయ్ కా బాబూ’ చిత్రంలో ఎస్.డి. బర్మన్ సంగీతంలో ఆశా భోస్లే గళాన అది హిందీ పాటగా వినిపించింది. ఆ బాణీకి మూలం జానపదుల గొంతులో ఉంది. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ, అలుపు మరిచేందుకు పాడుకొన్న ఆ స్త్రీపురుషుల పేర్లు ఏ చిత్రం తెరపైనా కనిపించవు.

పేరు దక్కనివాడికి ప్రతిఫలమైనా దక్కిందా? 2011లో కోనసీమ రైతులు దేశాన్ని ఆశ్చర్యపరిచే నిర్ణయం తీసుకొన్నారు. పెట్టుబడి పెరిగి, గిట్టుబాటు ధర లేక, మురుగునీరు దిగక, పండిన ధాన్యం అమ్ముడుపోక, సార్వాకు పంట విరామం ప్రకటించారు. వేలాది ఎకరాల్లో నాగలి కదలలేదు. కాలువలో నీరుండీ చేను బీడుపడటం అన్నపూర్ణగా పేరొందిన సీమకు ఎంతటి వేదనో చెప్పనక్కరలేదు. సొంత భూమి లేని కౌలురైతుకూ, రోజుకూలితో బ్రతికే వ్యవసాయ కార్మికునికీ ఆ విరామం మరింత బరువైనది. 2022లోనూ కొన్ని మండలాల్లో అదే మాట మళ్ళీ వినిపించింది.

ఆనాడు కొసరాజు చేసిన హెచ్చరిక అప్పుడు కోనసీమ మాగాణుల్లో మౌనంగా పలికింది. ఏరువాక పాటను వేడుకలలో పాడడం, వేదికలపై ఆడడం సులభం. పాట వినిపించిన ప్రతిసారీ, ఆ అన్నం వండిన బియ్యం ఎవరి చేతిమీదుగా వచ్చిందో తలచుకోవడం, ఆ చేతికి న్యాయమైన ధర అందేలా చూడడం కష్టం. ఆ కష్టమైన పని జరిగిననాడే ఏరువాక నిజంగా సాగుతుంది. అప్పటివరకు ఆ పాట తెలుగువారికి ఆనందం మాత్రమే కాదు, తీర్చవలసిన ఋణం కూడా.