ఫ్రేము బతికుంటే చాలు



ఈ వారం ఒక పాత సైకిలు గురించి రాస్తున్నాం. లావు టైర్లు, గేర్లు ఉండే రకం. షాపువాళ్లు ఎంటీబీ అంటారు, మన పిల్లలు గేర్ల సైకిలు అంటారు. పాలకొండ నుంచి సీతంపేట దాకా కొండల కిందనున్న మన ఊళ్లలో ఏ పశువులశాల వెనక చూసినా ఇలాంటిది ఒకటి గోడకు జారబడి ఉంటుంది. పదో తరగతి పాసైనందుకు కొన్నదో, ఊరు విడిచి పనికెళ్లినవాళ్లు పండక్కి తెచ్చిందో అయ్యుంటుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి గేరు వైరు తుప్పుపట్టి బిగుసుకుపోతుంది, చైను కిర్రుమంటుంది, ఆ తర్వాత బండి మూలకు చేరుతుంది. ఇదివరకు గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చే షాపు ప్రతి సెంటర్లోనూ ఉండేది. ఓవరాయిలింగు చేయించుకోవాలంటే అక్కడికే వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఆ చేతులు మోటారు సైకిలు పంక్చర్లకు మళ్లాయి.

మన సంఘంలో ఒక తమ్ముడు ఐటీఐ చదువుతున్నాడు. ఉదయం బస్సు అందితే క్లాసు అందుతుంది, లేకపోతే ఆ రోజు పోయినట్టే. ఇంట్లో గేర్ల సైకిలుంది. వాళ్ల అన్న చెన్నైలో కట్టుబడి పనికెళ్లి, మొదటి ఆరు నెలల కూలిలో మిగిల్చి కొన్నది. కానీ దిగుడు రోడ్డులో బ్రేకు ఆగదు, పెడలు తొక్కితే చైను జారుతుంది. పాతసామాను కొనేవాడు నాలుగు వందలిస్తానన్నాడు. తల్లి ఏమో గ్రూపులో అప్పు తీసి సెకండ్‌హ్యాండు మోటారు సైకిలు కొందామని మా దగ్గర సలహాకు వచ్చింది. వారం వారం కిస్తీ, పైన పెట్రోలు. ఇంట్లో సంపాదించేది ఒక్క చెయ్యి. "ఏటి చెయ్యమంటారండీ అయ్యగారూ?" అని ఆమె అడిగితే, "అమ్మా, అప్పు సంగతి పది రోజులాపు. ముందు ఆ సైకిలు చూద్దాం" అన్నాం.

నెహెమ్యా యెరూషలేముకు వచ్చి మొదట చేసిన పని మీకు గుర్తుందా? గోడ కడదాం రండని వెంటనే చాటింపు వేయలేదు. రాత్రిపూట కొద్దిమందితో బయలుదేరి, కూలిన గోడనూ కాలిన గుమ్మాలనూ తన కళ్లతో చూసుకున్నాడు. చూసిన తర్వాతే జనంతో మాట్లాడాడు. పాతదాన్ని బాగుచేయాలనుకునేవాళ్లకు ఇదే మొదటి పాఠం. కొనడానికి ముందు చూడాలి.

మేము కూడా ఒక సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆ సైకిలును కడిగి, శాలలో దూలానికి తాడుతో వేలాడదీసి, ఫోను లైటు వేసి చూశాం. పక్క ఊరి సైకిలు షాపు పెద్దాయన్ను పిలిపించుకున్నాం. ఆయన చైను వంక చూడలేదు, టైరు వంక చూడలేదు. ముందు ఫ్రేము అతుకుల మీద వేలు పెట్టి రాసుకుంటూ వెళ్లాడు. హ్యాండిలు దిగే మెడ దగ్గర, సీటు గొట్టం దగ్గర, పెడళ్లు తిరిగే బీబీ దగ్గర, వెనక చక్రం పట్టుకునే చోట చూశాడు. రంగు వెంట్రుకలా చీలితే దాని కింద ఇనుము చీలి ఉండొచ్చు. అయస్కాంతం పెడితే అంటుకుంది కాబట్టి ఇది స్టీలు ఫ్రేము. పైన తుప్పు ఉంది గాని లోపలికి తినలేదు. "ఫ్రేము బతికుందయ్యగారూ. మిగతాదంతా మార్చుకునే సామానే" అన్నాడాయన.

ఆ మాట మీద కాసేపు ఆగుదాం. ఫ్రేము పోతే ఎంత మంచి సామాను బిగించినా దండగ. స్టీలు ఫ్రేమైతే చిన్న చీలికను తెలిసిన వెల్డరు అతకగలడు. అల్యూమినియం ఫ్రేము చీలితే మాత్రం మన ఊరి వెల్డింగు షాపుకు తీసుకెళ్లకండి. ఆ లోహానికి వెల్డింగు తర్వాత వేడితో మళ్లీ బలం పట్టించాలి, అది ఫ్యాక్టరీలో జరిగే పని. పైకి అతుకు కనబడుతుంది, కొండ దిగేటప్పుడు ఊడుతుంది. అలాంటిదాన్ని పక్కన పెట్టేయడమే మేలు.

తర్వాత చైను. దీనికి స్కేలు చాలు. చైనులో ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు అర అంగుళం. కాబట్టి 24 అరలు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంతకంటే 1/16 అంగుళం సాగితే చైను మార్చాలి. 1/8 సాగిందంటే ఆ సాగిన చైను వెనక ఫ్రీవీలు పళ్లను కూడా తినేసి ఉంటుంది. అప్పుడు చైను ఒక్కటే మారిస్తే కొత్త చైను పాత పళ్ల మీద నిలవదు, జారుతుంది. తమ్ముడి చైను 1/8 దాటింది. రెండూ మార్చక తప్పలేదు.

కొనే సామాను చీటీ రాయమని కాగితం ఇస్తే తమ్ముడు రాసినవి ఇవి: ముందు స్ప్రింగు ఫోర్కు, డిస్కు బ్రేకులు, ఎర్ర స్టిక్కర్లు, కొత్త సీటు. కుర్రతనం, తప్పు పట్టలేం. పెద్దాయన నవ్వి ఇంకో వరస చెప్పాడు. మొదట ఆపేవి, తర్వాత దొర్లేవి, తర్వాత లాగేవి, ఆ తర్వాత కూర్చునేవి, అన్నిటికంటే చివర కనబడేవి. ఆపేవంటే బ్రేకు రబ్బర్లూ వైర్లూ. దొర్లేవంటే టైర్లు, ట్యూబులు, చక్రంలో బాల్సు. లాగేవంటే చైను, ఫ్రీవీలు, గేర్లు. డబ్బు ఎక్కడ అయిపోతే అక్కడ ఆగిపోవాలి. ఈ వరసలో పోతే డబ్బు అయిపోయేసరికి మనిషి ప్రాణానికి అవసరమైనవి అయిపోయి ఉంటాయి. తలకిందులుగా పోతే, మెరిసే సైకిలు మీద ఆగని బ్రేకుతో కొండ దిగాల్సి వస్తుంది.

చవక స్ప్రింగు ఫోర్కు గురించి ఒక మాట. అది బరువు పెంచుతుంది, మన బురదకు రెండేళ్లలో బిగుసుకుపోతుంది. మన రోడ్లకు లావు టైరులో గాలి సరిగ్గా ఉంటే అదే స్ప్రింగు. డిస్కు లేకపోయినా, రిమ్ము పట్టే బ్రేకులో రబ్బరు కొత్తదై, వైరు జారుడుగా కదిలి, రబ్బరు రిమ్ముకు చదునుగా తగిలితే బండి ఆగుతుంది. అయితే నికెలు మెరుపుండే స్టీలు రిమ్ము వానలో తడిస్తే పట్టు బాగా తగ్గుతుంది. అల్యూమినియం రిమ్ము నయం. స్టీలు రిమ్మున్నవాళ్లు వానలో దిగుడు రోడ్డు వస్తే దిగి నడిపించుకెళ్లడం మంచిది.

టైర్ల దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. 26 అని అడిగితే షాపువాడు రెండు రకాలు ఇవ్వగలడు. 26 × 1.95 లాంటి చుక్క అంకె ఉన్నది మన లావు టైరు. 26 × 1 3/8 అని భిన్నం రాసి ఉన్నది వేరే సైకిలుది, మన రిమ్ముకు ఎక్కదు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది. మొదటిదానికి 559, రెండోదానికి 590. రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటి అడ్డకొలత అది, మిల్లీమీటర్లలో. పాత టైరు మీది అంకెను ఫోనులో ఫొటో తీసుకుని షాపుకు వెళ్లండి. విజయనగరం దాకా వెళ్లొచ్చే బస్సు ఛార్జీ మిగులుతుంది.

శనివారం పని మొదలుపెట్టాం. చక్రాలు విప్పి, పాత గ్రీజును కిరసనాయిలుతో కడిగాం. సాధారణంగా ముందు చక్రంలో పక్కకు పదేసి చిన్న బాల్సు, 3/16 అంగుళం. వెనక చక్రంలో పక్కకు తొమ్మిదేసి, పావు అంగుళం. మావాటిలో సగం గుంటలు పడ్డాయి. కోను బిగించేటప్పుడు చక్రం ఊగకూడదు, అలాగని బిరుసుగా తిరగకూడదు. ఆ రెంటికీ మధ్య చోటు దొరకడానికి పెద్దాయనకు ఒక నిమిషం పట్టింది, మా కుర్రాళ్లకు గంట పట్టింది. ఎడమ పెడలుకూ, చైను వైపున్న బీబీ కప్పుకూ మర తిరగేసి ఉంటుంది, అవి సవ్యదిశలో తిప్పితేనే వదులవుతాయి. తెలియక బలం పెడితే మర పాడవుతుంది. చైనుకు కొబ్బరినూనె, వాడేసిన ఇంజను ఆయిలు వద్దు. దుమ్ము పట్టి ముద్ద కడతాయి. మిషను ఆయిలు ఒక్కో అతుకుకు ఒక్కో చుక్క వేసి, పైన గుడ్డతో తుడిచేయాలి.

గేర్లు ఎందుకంటే ఈ లెక్క చూడండి. మన పెద్దల నల్ల సైకిలుకు ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి 5 మీటర్లకు పైనే పోతుంది. చదును రోడ్డుకు బాగుంటుంది గాని కొండ ఎక్కేటప్పుడు మోకాలు ఓడిపోతుంది. తమ్ముడి సైకిలుకు అన్నిటికంటే చిన్న గేరు ముందు 24, వెనక 28. ఒక చుట్టుకు సుమారు 1.8 మీటర్లే పోతుంది. నెమ్మదే, కానీ దిగి తోయాల్సిన పని లేదు. బలం తక్కువున్నవాడు చిన్న చిన్న అడుగులతో అదే కొండ ఎక్కుతాడు. ఇది సైకిలుకే కాదు, అప్పుల్లోంచి బయటపడాలనుకునే ఇంటికీ పనికొచ్చే లెక్కే.

ఇక ఖర్చు. టైర్లు రెండు 1,000. ట్యూబులు 360. బ్రేకు రబ్బర్లు రెండు జతలు 240. బ్రేకు వైర్లు, గేరు వైర్లు తొడుగులతో 400. చైను 480. ఫ్రీవీలు 650. బాల్సు, కోన్లు, గ్రీజు 220. బీబీ 380. వెనక చక్రానికి పుల్లలు, బెండు తీసిన కూలి 300. మొత్తం 4,030 రూపాయలు. వెనక గేరు మెషిను పాతదే, కడిగి సరిచేశాం. అందులో అన్న చెన్నై నుంచి 1,500 పంపాడు. తల్లి 1,000 ఇచ్చింది. తమ్ముడు నాలుగు రోజులు అనాసపళ్ల మోతకెళ్లి 1,000 తెచ్చాడు. మిగిలిన 530 మన యౌవనస్థులు వేసుకున్నారు. అలాంటి గేర్ల సైకిలు కొత్తది కొనాలంటే పది వేలు దాటుతుంది. మోటారు సైకిలు అప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇదంతా లేనివాళ్ల సర్దుబాటు అని ఎవరైనా అనుకుంటే, ఈ సైకిలు పుట్టిన కథ వినాలి. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో మారిన్ అనే కొండ ప్రాంతం ఉంది. 1970ల్లో అక్కడి కుర్రాళ్లు 1930లు, 40ల నాటి పాత బరువు సైకిళ్లను పాతసామాను కొట్లలో ఏరి తెచ్చుకుని, వాటికి లావు టైర్లూ వేరే బ్రేకులూ గేర్లూ తగిలించి కొండలు దిగేవాళ్లు. 1976 అక్టోబరు 21న ఒక కొండబాట మీద మొదటి పందెం పెట్టుకున్నారు. సుమారు 1,300 అడుగుల దిగుడు. కిందికి చేరేసరికి వెనక చక్రంలోని బ్రేకు వేడెక్కి గ్రీజు పొగైపోయేది. మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది కాబట్టి ఆ బాటకు రీప్యాక్ అనే పేరు వచ్చింది. ఆ పాత ఇనుము మీద నేర్చుకున్నదాన్నిబట్టే జో బ్రీజ్ అనే ఆయన 1977లో ప్రత్యేకంగా కొండకోసమే ఫ్రేము కట్టాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో ఇలాంటి సైకిళ్లు అమ్మే కంపెనీ పెట్టారు. 1996 అట్లాంటా ఒలింపిక్సులో ఇదే ఆట అయింది. ఇప్పుడు లక్షలు పలికే సైకిలుకు తాత, ఎవరో పారేసిన సైకిలే.

అంత దూరం ఎందుకు, మన సాలూరు చూడండి. లారీలకూ, లారీ బాడీలు కట్టే పనికీ పేరున్న ఊరు. ఆ షెడ్లలో పనివాళ్లు చాసిస్ మీద చెక్కా రేకూ కొలిచి కొలిచి బాడీ కడతారు. బాడీ ఎన్నిసార్లయినా కట్టుకోవచ్చు, అడుగున చాసిస్ గట్టిగా ఉండాలి. సైకిలు షాపు పెద్దాయన మాటా అదే.

నెహెమ్యా గ్రంథంలో ఇంకో సంగతి ఉంది. గోడ కట్టినప్పుడు చాలామంది ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న భాగం వాళ్లే బాగుచేసుకున్నారు. తన ఇంటి ముందున్న గోడ గట్టిగా లేకపోతే ఏమవుతుందో ఇంటివాడికే ఎక్కువ తెలుసు. ఆ బ్రేకు రబ్బర్లు తమ్ముడి చేతనే బిగించమన్నాం. రోజూ ఆ దిగుడు దిగేది వాడు. రెండుసార్లు విప్పి మళ్లీ బిగించాడు. ఎవరూ చెప్పలేదు.

మనుషుల విషయంలోనూ మనం ఎన్నోసార్లు తుప్పు చూసి తీర్పు చెప్పేస్తాం. చదువు మధ్యలో ఆగిన పిల్ల, తాగుడు మాని మూడు నెలలైన అన్న, ఆరాధనకు రావడం మానేసిన కుటుంబం. వెల కట్టేవాడు బయట తిరుగుతూనే ఉంటాడు, నాలుగు వందలంటాడు. దేవుడు అలా చూసి ఉంటే మనలో ఎవరం మిగిలేవాళ్లం? ముందు దగ్గరికెళ్లి, కడిగి, లైటు వేసి చూద్దాం. లోపల బతికున్నదేదో తెలిస్తే ఖర్చు ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది.

తమ్ముడు ఇప్పుడు బస్సు కోసం చూడకుండా వెళ్లొస్తున్నాడు. తల్లి గ్రూపులో సంతకం పెట్టలేదు. సీటు మాత్రం చిరిగినదే, సంచిగుడ్డ చుట్టుకున్నాడు. వచ్చే నెల కూలి వస్తే మారుస్తాడట.

మీ ఇళ్లలో మూలపడిన సైకిళ్లుంటే, బడికొస్తా పథకంలో అమ్మాయిలకు ఇచ్చినవైనా సరే, రెండో శనివారం మధ్యాహ్నం మందిరం వెనక చెట్టు కిందికి తీసుకురండి. పానాలు, కిరసనాయిలు, గ్రీజు మా దగ్గరున్నాయి. పాత గుడ్డలు మీరు తెచ్చుకోండి. సామాను ముందుగా కొనకండి, చూసిన తర్వాత చీటీ రాద్దాం.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.