నీళ్లకి 14 రూపాయలేట్రా!

"నీళ్లకి 14 రూపాయలేట్రా!"
ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ దిగీ దిగగానే మా పెద్దత్త కేక. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎక్కింది, ఖరగ్‌పూర్ వరకూ గొంతు తగ్గలేదు.
రైల్ నీర్ బాటిల్ కొనబోతున్న నా చెయ్యి లాగి, కొళాయి దగ్గర దోసిలి పట్టి కడుపునిండా తాగేసింది.

నేను తాగలేకపోయాను.

ఇక్కడే ఖరగ్‌పూర్ మథురాకాటి రైల్వే క్వార్టర్లో పెరిగినవాణ్ణి. ఆటలాడొచ్చి కొళాయికే నోరు పెట్టేవాళ్లం. వర్క్‌షాపు డ్యూటీ దిగి తాతయ్య తాగినవీ ఆ నీళ్లే.
2003లో రైల్ నీర్ రాకముందు జనం మరచెంబు పట్టుకుని కొళాయికి పరుగెత్తేవారు, ఒక కన్ను గార్డు జెండా మీదే!
ఇప్పుడు 1072 మీటర్ల ఈ ప్లాట్‌ఫాం మీద కొళాయి కన్నా ముందు బాటిళ్ల స్టాలే కనిపిస్తుంది.

మూత సీలు టిక్కుమంటేగానీ నాకు నమ్మకం కుదరదు.
గోల్‌బజార్లో ఫుచ్కా, అదే పానీపూరీ, తినేటప్పుడు మాత్రం ఆ పుల్లనీళ్లు ఎక్కడివని ఏనాడూ అడగలేదు 😄
ఇంటికొచ్చే 20 లీటర్ల క్యాన్ ఎప్పుడు కడిగారో అదీ అడగలేదు.

అత్తకి ఏమీ కాలేదు, సాయంత్రం రెండు ప్లేట్ల ఫుచ్కా కూడా లాగించింది.

నిమ్‌పురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ వాళ్లూ, మీ ఇంట్లో ఏ నీళ్లు? కొళాయివా, కాచినవా, క్యానువా?