ముల్లు కదలని అంబాసిడర్

ట్యాంకు నిండా పెట్రోలున్నా ముల్లు కిందే. ట్యాంకు ఖాళీ అయినా కిందే. జహీరాబాద్‌లోని ఆ పెద్దాయన అంబాసిడర్‌లో పెట్రోలు మీటరు ఇలా మొండికేసి తొమ్మిదేళ్లయింది. అయినా ఆయన బెంగపడలేదు. చొక్కా జేబులో ఓ చిన్న నోటుబుక్కు ఉండేది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, కిలోమీటర్ల రీడింగు అందులో రాసుకోవడం, లీటరుకు తొమ్మిది కిలోమీటర్ల చొప్పున లెక్కేసుకోవడం... అంతే. ‘ముల్లు అబద్ధమాడుతుందేమో గానీ లెక్క ఆడదు’ అనేది ఆయన ధీమా.

విచిత్రమేంటంటే, ఆయన ఉద్యోగమంతా మీటర్లతోనే గడిచింది. 1980ల్లో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ చిన్న ట్రక్కుల ఫ్యాక్టరీ వచ్చినప్పుడు అందులో చేరారు. అది మహీంద్రా చేతికి వెళ్లాక కూడా అక్కడే కొనసాగి, అక్కడే రిటైరయ్యారు. డ్యాష్‌బోర్డులు బిగించే చోట ఆయన డ్యూటీ. గడియారాలు బాగుచేసేవాడి ఇంట్లో గోడ గడియారం ఆగిపోయినట్టుంది కదూ!

కిందటి వానాకాలం వరకూ ఏ చిక్కూ లేదు. ఆయన భార్యకు కంటి రెటీనా జబ్బు. నెలకోసారి హైదరాబాద్ వెళ్లి ఇంజెక్షన్ చేయించుకోవాలి. రానూపోనూ రెండొందల కిలోమీటర్లు. ఆ రోజు తిరుగు ప్రయాణంలో సదాశివపేట దాటాక, చీకట్లో, బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పక్కనుంచి లారీలు రయ్యిమని పోతున్నాయి. పరీక్ష కోసం వేసిన చుక్కల మందుతో ఆమెకు అన్నీ మసకే. శుక్రవారం పెట్రోలు పోయించినట్టు ఆయనకు బాగా గుర్తు. సెల్‌ఫోన్ వెలుగులో నోటుబుక్కు తిప్పితే ఆ శుక్రవారం లేదు. రాయడం మరిచిపోయారా అంటే, ట్యాంకు ఖాళీగానే ఉంది. అంటే పోయించడమే మరిచిపోయారు.

ఎవరో పుణ్యాత్ముడు బైకు మీద వెళ్లి సీసాలో పెట్రోలు తెచ్చేసరికి రెండు గంటలు పట్టింది. దారంతా ఆమె ఒక్క మాటా అనలేదు. అంతకుముందు ఆయన పాల పొయ్యి కట్టేయడం మరిచిపోయినప్పుడూ, బ్యాంకు పిన్ను గుర్తురానప్పుడూ ఏమీ అనలేదు. తెల్లారాక మాత్రం టీ గ్లాసు చేతికిస్తూ అంది: ‘‘కారన్న అమ్ముండ్రి, లేకుంటే ముల్లన్న బాగుచేయించుండ్రి.’’

అమ్మడమా! ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ 2014 మేలోనే ఆగిపోయింది. ఇప్పుడు అమ్మితే మళ్లీ దొరికేది కాదు. ఆయన బండి తీసుకుని హైవే పక్కన మెకానిక్ షెడ్డుకు వెళ్లారు. ఉస్తాద్ డ్యాష్‌బోర్డు వైపు చూసి ‘‘మీటర్ మారుస్తే అయిపోతది సార్’’ అన్నాడు. తొమ్మిదేళ్ల కిందట వేరే చోట ఇలాగే అన్నారు. కొత్త మీటరు కొని బిగిస్తే అదీ కదల్లేదు. ఆయన విసుగుతో వదిలేసింది అప్పుడే.

ఈసారి మాత్రం ఆయనలో పాత ఫ్యాక్టరీ మనిషి లేచాడు. ‘‘ఆగు భాయ్. ముందు ట్యాంకు కాడ్నుంచి జూద్దాం’’ అన్నారు.

ఈ మీటరు వ్యవహారం నిజానికి చాలా సులువు. ట్యాంకులో తేలే ఫ్లోటుకు ఒక చేయి. అది పైకీ కిందకీ కదిలితే రెసిస్టెన్స్ మారి, డ్యాష్‌బోర్డుకు వెళ్లే కరెంటు పెరుగుతుంది, తగ్గుతుంది. ముల్లు ఆ కరెంటుకు తగ్గట్టు తిరుగుతుంది. కాబట్టి ట్యాంకు దగ్గర ఫ్లోటుకు వచ్చే వైరు ఊడదీసి బాడీకి కట్టి, ఆ తర్వాతే తాళం తిప్పాలి. ముందే తిప్పితే నిప్పురవ్వ లేస్తుంది, పక్కనే పెట్రోలు! ముల్లు నిండుకు వెళ్లిందా, మీటరూ వైరూ భేషుగ్గా ఉన్నట్టే. కొన్ని పాత మీటర్లలో ఇది ఉల్టాగా ఉంటుంది, అది వేరే సంగతి.

తాళం తిప్పారు. కింద పడుకున్న ముల్లు నెమ్మదిగా, బద్ధకంగా లేచి ఫుల్ దాకా వెళ్లింది. తొమ్మిదేళ్ల కిందటి ఖర్చు దండగేనన్నమాట! తుప్పు పట్టి ఎర్త్ అందడం లేదేమోనని ఫ్లోటు మూత నుంచి ఛాసిస్‌కు ఇంకో వైరు కట్టి చూశారు. మార్పు లేదు. ఇక మిగిలింది ఫ్లోటే.

పెట్రోలంతా డబ్బాలోకి తీసి, ఫ్లోటు బయటికి లాగారు. ఇత్తడి డబ్బీలాంటిది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గలగల! సన్నని బెజ్జంలోంచి పెట్రోలు లోపలికి చేరింది. అందుకే తేలడం మానేసి అడుగునే పడుకుంది. బెజ్జం కంటికి కనబడదు. దానికో చిట్కా ఉంది. వేడినీళ్లలో ముంచితే లోపలి పెట్రోలు ఆవిరై, బెజ్జం ఉన్నచోట బుడగలు వస్తాయి. మంట మాత్రం దరిదాపుల్లో ఉండకూడదు. లోపలిదంతా ఆవిరై, ఊపితే చప్పుడు రాకుండా పోయేదాకా రెండు రోజులు ఎండలో పెట్టారు. ఆ తర్వాతే టంకం. ఎక్కువ టంకం వేస్తే బరువెక్కి మళ్లీ మునుగుతుందని ఆయన పక్కనే నిలబడి మరీ వేయించారు. మూత కింది కార్కు వాషరూ ఎండి ముడుచుకుపోయింది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, పాత బండ్ల రబ్బర్లకు అది పడదు. జహీరాబాద్ చుట్టూ చెరకు పండుతుంది, ఇథనాల్ చెరకు నుంచి కూడా వస్తుంది... ఎవరిని తిట్టుకోవాలి? పెట్రోలుకు తట్టుకునే కొత్త వాషరు వేశారు.

బిగించే ముందు పరీక్ష. పొడుగు వైర్లతో ఫ్లోటును డిక్కీ వెనక పట్టుకుని ఆయన నిలబడ్డారు. ముందు సీట్లో ఆమె. ఆయన చేత్తో ఫ్లోటు కొద్దికొద్దిగా ఎత్తుతుంటే ఆమె అరిచి చెబుతోంది. ‘‘పావు... ఆగుండ్రి, ఇంకా లేస్తుంది... సగం... ఫుల్!’’ షెడ్డులో పిల్లలు చప్పట్లు కొట్టారు.

తర్వాత ఐదేసి లీటర్లు పోస్తూ, ప్రతిసారీ కాసేపాగి, ముల్లు ఎక్కడుందో నోటుబుక్కులో గీతలు గీసుకున్నారు. మొదటి ఐదు లీటర్లకు ముల్లు కదల్లేదు. అంటే కిందికి చేరినా అడుగున ఐదు లీటర్లు ఉంటాయి. ఈ సంగతి ఆమె రెండుసార్లు అడిగి చెప్పించుకుంది.

నెల తిరిగాక మళ్లీ హైదరాబాద్. తిరుగు ప్రయాణంలో, సంగారెడ్డి దాటాక, మసక కళ్లతో ఆమె అడిగింది: ‘‘ఎంతుంది?’’

ఆయన ముల్లు చూసి చెప్పారు: ‘‘సగం కన్న జరంత తక్కువ.’’

సదాశివపేట బంకులో అయినా పోయించారు. జేబులోంచి నోటుబుక్కు తీసి, తేదీ రాసి, ఆమె చేతికిచ్చారు. ఆమె దాన్ని తన సంచిలో వేసుకుంది.