బ్యాటరీని కాటా మీద పెట్టి కొన్నాం



మేం ముగ్గురం కలిసి వీల్ నట్లు విప్పే బ్యాటరీ గన్ను కొన్నామని తెలిసిన దగ్గర్నుంచి రోజుకి ఇద్దరైనా అడుగుతున్నారు. "ఏ కంపెనీ? ఎంతయింది? మేం కూడా అదే తీసుకోమా?" అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకంటే ఇక్కడ ఒకసారి వివరంగా రాస్తే ఐటీఐ చదువుతున్న తమ్ముళ్ళకి కూడా పనికొస్తుందనిపించింది. కంపెనీ పేరు మధ్యలో ఎక్కడో చెప్తాం. ముందే చెప్పేస్తే మిగతాది ఎవరూ చదవరు.

ముందు డబ్బు సంగతి. ఒకరి ఇంట్లో కాఫీ గింజలు అమ్మిన డబ్బు, ఒకరింట్లో మిరియాల డబ్బు, మూడోవాడు విశాఖలో టైర్ల షాపులో పనిచేసి దాచుకున్నది. అన్నీ కలిపితే 42 వేలు. మళ్ళీ కాఫీ పండి, ఎండి, అమ్ముడయ్యేదాకా ఇంకో రూపాయి పెట్టే దారి లేదు. అంటే తప్పుడు మిషను కొంటే ఒక ఏడాది పోయినట్టే. పైగా ఇంట్లో పెద్దవాళ్ళు "చదివిన గుంటలు, చూసి కొంటారులే" అని చేతిలో పెట్టిన డబ్బు. ఆ మాట డబ్బుకంటే బరువు.

అసలు గన్ను ఎందుకంటే, మా షెడ్డు చింతపల్లి వైపు రోడ్డు మీద. సంత రోజు జీపులు, ఆటోలు, పికప్పులు వరసగా వస్తాయి. సగం పని షెడ్డులో కాదు, మలుపుల దగ్గర ఆగిపోయిన బండి దగ్గర. అక్కడ కరెంటు ఉండదు. జీపులో సంతకెళ్ళేవాళ్ళే కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళే మనిషి కూడా ఉండొచ్చు. తుప్పు పట్టిన నట్టు మీద గొట్టం వేసి, దానిమీద ఎక్కి ఎగిరి, పానా జారి మోకాలు కొట్టించుకోవడం ఈ రోడ్లమీద బండి తోలినవాళ్ళందరికీ తెలిసిందే.

గన్ను లోపల జరిగేది మన కమ్మరి పని లాంటిదే. మోటారు తిరుగుతుంటే ఒక సుత్తి, దాని ముందు ఒక దాగలి. నట్టు తేలిగ్గా తిరిగినంతసేపు రెండూ కలిసి తిరుగుతాయి. నట్టు బిగుసుకోగానే సుత్తి వెనక్కి జారి, మళ్ళీ ముందుకొచ్చి దాగలి పక్కన కొడుతుంది. నిమిషానికి వేల దెబ్బలు. అందుకే అంత బలం వచ్చినా మన మణికట్టు తిరగదు. అదే బలం మామూలు డ్రిల్లులో వస్తే చెయ్యి విరుగుతుంది.

ఆ బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. పుస్తకంలో చదివినప్పుడు ఎవరికీ ఎక్కదు గానీ, ఇలా చూడండి. 60 కిలోల మనిషి మీటరు పొడుగు గొట్టం చివర నిలబడితే నట్టు మీద పడేది దాదాపు 590 న్యూటన్ మీటర్లు. కార్ల వీల్ నట్లు మామూలుగా 90 నుంచి 130 దాకా బిగిస్తారు. తుప్పు పట్టినా, ఎవరో గొట్టం వేసి బిగించినా విప్పడానికి దానికి రెండు మూడింతలు కావాలి. పెద్ద లారీలది వేరే లెక్క, వాటి బిగింపే 500, 600 ఉంటుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే అంకె చాలాసార్లు నట్టు విప్పే బలం. బిగించే బలం దానికంటే బాగా తక్కువ. ఉదాహరణకి మకిటా డీటీడబ్ల్యూ 300 అనే గన్నుకి బిగింపు 330, విప్పడం 580. డీటీడబ్ల్యూ 1002కి 1000, 1600. ఒక షాపులో ఒక గన్నుకి 580 అని, ఇంకో షాపులో ఇంకో గన్నుకి 400 అని చెప్తే రెండూ ఒకే లెక్కో కాదో అడిగితే తప్ప తెలీదు. మేం అడిగిన రెండుచోట్ల కౌంటర్లో ఉన్న మనిషికీ తెలీదు.

ఇప్పుడు అసలు కథ. మైదానంలో ఒక టౌను, షాపు పేరు రాయం. మమ్మల్ని చూడగానే ఎక్కడివాళ్ళమో ఆయనకి తెలిసిపోయింది. వెనకనుంచి ఒక పెట్టె తెచ్చి కౌంటరు మీద పెట్టి, "ఇది చూడండి తమ్ముడూ, 388 వోల్టులు. 15 వేల ఎంఏహెచ్ బ్యాటరీ. రెండు బ్యాటరీలు, చార్జరు, సాకెట్లు అన్నీ కలిపి ఎనిమిది వేలు. ఏజెన్సీకి ఇది చాలు" అన్నాడు. ఎనిమిది వేలు అనగానే మాలో ఒకడి కళ్ళు మెరిశాయి. మెరవవా మరి, 34 వేలు మిగుల్తాయి.

పెట్టె మీద నిజానికి 388 వోల్టులు అని లేదు, 388 వీఎఫ్ అని ఉంది. ఆ వీఎఫ్ ఏ కొలతా కాదు. వోల్టులు అని చదువుకుంటారని వేసిన అంకె. ఈ గన్నుల బ్యాటరీల్లో ఉండేవి లిథియం సెల్లులు. ఒక్కో సెల్లు 3.6 వోల్టులు, పూర్తిగా చార్జి అయితే 4.2. ఐదు సెల్లులు వరసగా కలిపితే 18 వోల్టులు, నిండుగా ఉన్నప్పుడు 21. కాబట్టి ఒక కంపెనీ 18 అని, ఇంకో కంపెనీ 20 మాక్స్ అని, ఇంకోటి 21 అని వేసినా లోపల ఉన్నది అదే ఐదు సెల్లుల వరస. డీవాల్ట్ వాళ్ళు అమెరికాలో 20 మాక్స్ అని అమ్మే బ్యాటరీ మీదే యూరప్‌లో 18 అని రాస్తారు. 20 కదా, 18 కంటే బలం అనుకోకండి.

ఇంక ఆ 15 వేల ఎంఏహెచ్ సంగతి. అంటే 15 ఆంపియర్ అవర్. సంతలో కాటా మోసం మనకి కొత్త కాదు. మన పసుపు, చింతపండు ఎవడి కుంచంతో కొలిచారో, ఎవడి రాయితో తూచారో మన తాతల్ని అడిగితే చెప్తారు. సరే, దీన్ని కూడా తూచి చూద్దామనుకున్నాం. బ్యాటరీ చేతిలో పట్టుకుని పక్కనున్న కిరాణా కొట్టులో కాటా మీద పెట్టాం. షాపాయన "ఇదేం చోద్యం, బ్యాటరీని బెల్లంలా తూస్తారా" అని నవ్వాడు. డబ్బా, ప్లాస్టిక్కుతో కలిపి 380 గ్రాములు.

లెక్క ఇది. చిన్న రకం సెల్లు, 18650 అంటారు, ఒకటి 45 నుంచి 50 గ్రాములు. మంచిదైనా మామూలుగా 3.5 ఆంపియర్ అవర్ చుట్టుపక్కలే. పెద్ద రకం 21700, దాదాపు 70 గ్రాములు, 5 దాకా వస్తుంది. ఐదు సెల్లులు ఒక వరస. 15 కావాలంటే పెద్ద సెల్లులే వేసినా మూడు వరసలు, అంటే 15 సెల్లులు. సెల్లుల బరువే కిలో దాటాలి. 380 గ్రాముల డబ్బాలో ఒక వరస కంటే ఎక్కువ పట్టదు. ఏ సెల్లు వేసినా పెట్టె మీద రాసినదాంట్లో మూడో వంతు కూడా కష్టం. పేరున్న కంపెనీల 18 వోల్టుల, 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ తూస్తే 600 గ్రాముల పైన ఉంటుంది. కొనేముందు తూచండి. ఏ షాపువాడూ కాటాకి సమాధానం చెప్పలేడు. ఆయన కూడా చెప్పలేదు, పెట్టె లోపలికి తీసుకుపోయాడు.

చవకవన్నీ చెత్త అనట్లేదు. నెలకి నాలుగు చక్రాలు విప్పుకునే సొంత బండి మనిషికి అది సరిపోవచ్చు. రోజూ అన్నం పెట్టాల్సిన మిషనుకి సరిపోదు. ఏడాది తర్వాత ఆ బ్యాటరీ పోతే అలాంటిదే మళ్ళీ దొరుకుతుందా అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

అక్కడే మాకు తేలిన విషయం, గన్ను కొనడం అంటే నిజానికి బ్యాటరీతో వియ్యమందడం. ఒకసారి ఆ ఇంటితో చుట్టరికం కలిస్తే తర్వాత డ్రిల్లు కొన్నా, గ్రైండరు కొన్నా, బ్లోయరు కొన్నా ఆ ఇంటిదే కొంటాం. బ్యాటరీ లేకుండా ఒట్టి మిషను కొనుక్కుంటే సగం ఖర్చే. అందుకని ఆ ఇల్లు ఎలాంటిదో చూడాలి. డీవాల్ట్, స్టాన్లీ, బ్లాక్ అండ్ డెకర్ మూడూ ఒకే యజమానివి, అయినా ఒకదాని బ్యాటరీ ఇంకోదానికి ఎక్కదు. బాష్‌లో నీలం రంగు మిషన్లు పనివాళ్ళకి, ఆకుపచ్చవి ఇంటి వాడకానికి. రెండూ 18 వోల్టులే, బ్యాటరీలు మాత్రం మారవు. హిటాచీ పాత మిషను ఉన్నవాళ్ళు హైకోకి అని చూసి కంగారుపడకండి, 2018లో పేరు మారింది అంతే. మకిటాలో 18 వోల్టుల ఎల్ఎక్స్‌టీ వరస 2005 నుంచి నడుస్తోంది. అదే మకిటాలో చవక జీ వరస ఉంది, 40 వోల్టుల ఎక్స్‌జీటీ వరస ఉంది, వాటి బ్యాటరీలు దీనికి పట్టవు. కంపెనీ పేరు చూసి కాదు, బ్యాటరీ గాడి చూసి కొనాలి.

మేం మకిటా ఎల్ఎక్స్‌టీలో డీటీడబ్ల్యూ 300 తీసుకున్నాం, అర అంగుళం డ్రైవ్, బ్రష్‌లెస్ మోటారు, అంటే కార్బన్లు అరిగి మార్చే పని లేదు. మకిటా గొప్పదని కాదు. మా ఊళ్ళో వడ్రంగి పనిచేసే బావ దగ్గర అదే వరస డ్రిల్లు ఉంది, రెండు బ్యాటరీలున్నాయి. మా బ్యాటరీ అయిపోతే ఆయనది, ఆయనది అయిపోతే మాది. బావ దగ్గర బాష్ నీలం ఉండి ఉంటే మేం కళ్ళు మూసుకుని బాష్ కొనేవాళ్ళం. మీ ఊళ్ళో ఎవరి దగ్గర ఏముందో ముందు చూసుకోండి, కంపెనీ దానంతటదే తేలిపోతుంది.

కొనే ముందు ఇంకో పని చేశాం. అమ్మే షాపుకి కాకుండా రిపేరు చేసే కౌంటర్లకి వెళ్ళాం. స్విచ్ పోతే ఎంత, దాగలి అరిగితే ఎంత, సామాను ఉందా, తెప్పించాలా, ఎన్ని రోజులు? మిషనుకి వారంటీ ఎన్ని నెలలు, బ్యాటరీకి విడిగా ఎన్ని నెలలు? బాగు చేసేవాడు నిజం చెప్తాడు, అమ్మేవాడు ఆశ చెప్తాడు. మనం కొండ దిగి వెళ్ళి రావాలంటే ఒక రోజు, బస్సు చార్జీలు, ఆ రోజు సంపాదన పోతాయి. వారంటీ కాగితంలో ఆ ఖర్చు ఉండదు.

వెయ్యి న్యూటన్ మీటర్లది ఎందుకు తీసుకోలేదని అడిగారు. అది మూడు కిలోల పైనే బరువు, ధర కూడా మా చేతికి అందదు. మాకు వచ్చే జీపులు, ఆటోలకి అంత బలం పెడితే స్టడ్డు తెగుతుంది. లారీ వస్తే ప్రస్తుతానికి పాత గొట్టమే.

నట్టు బిగించేటప్పుడు గన్నుతో మొదలుపెట్టకండి. మూడు నాలుగు చుట్లు చేత్తో ఎక్కించి, ఎదురెదురు నట్లు చొప్పున తక్కువ స్పీడులో గన్ను కొట్టి, చివరి బిగింపు టార్క్ రెంచితో. 50, 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి రమ్మని చెప్పండి. సాకెట్లు కూడా తళతళలాడే తెల్లవి వద్దు, అవి చేతి పానా కోసం చేసినవి, దెబ్బలకి పగిలి ముక్క కంట్లోకి రావచ్చు. ఇంపాక్ట్ సాకెట్లని నల్లగా ఉంటాయి, ఆరు మూలలవి తీసుకోండి. మా 42 వేలల్లో కొంత వీటికే పోయింది, అక్కడ పీనాసితనం వద్దు.

మన వైపు వాళ్ళకి ముఖ్యంగా ఒకటి. లిథియం బ్యాటరీకి చలి పడదు. మకిటా పుస్తకంలో చార్జింగ్ 10 నుంచి 40 డిగ్రీల మధ్య చేయమని ఉంది. లంబసింగి, చింతపల్లిలో పుష్యమాసం తెల్లవారుజామున అంత ఉండదు కదా. రాత్రి షెడ్డులో వదిలేయకుండా ఇంట్లోకి తెచ్చుకుంటాం, పొద్దెక్కాక చార్జి పెడతాం. వాళ్ళ ఫాస్ట్ చార్జరు మీద 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ 45 నిమిషాల్లో నిండుతుంది. కరెంటు వచ్చి పోయే ఊళ్ళో ఆ 45 నిమిషాలే పెద్ద వరం.

ఆన్‌లైన్లో సగం ధరకి అచ్చం అదే రంగు, అదే పేరుతో బ్యాటరీలు కనిపిస్తాయి. చాలావాటిలో సెల్లులను కాపాడే సర్క్యూటు సరిగ్గా ఉండదు, వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. అమెరికా చార్జర్లు కూడా కొన్ని తిరుగుతున్నాయి, అవి 120 వోల్టులవి. మన ప్లగ్గులో పెడితే అంతే సంగతులు.

షెడ్డులోనే పని, త్రీఫేజు ఉంది, టైర్లకి కంప్రెసరు ఎలాగూ ఉంది అనుకునేవాళ్ళు ఇదంతా మర్చిపోయి గాలి గన్ను కొనుక్కోండి. చాలా చవక, చాలా మొండిది. బ్యాటరీ గన్ను రోడ్డు మీదకి వెళ్ళేవాళ్ళకే.

లోను గురించి అడిగిన తమ్ముళ్ళకి: పీఎం విశ్వకర్మలో టూల్‌కిట్‌కి 15 వేలు ఇస్తారు గానీ అందులో ఉన్న 18 వృత్తుల్లో మెకానిక్ లేడు. కమ్మరి, వడ్రంగి ఉన్నాయి. ముద్రలో శిశు కింద 50 వేల దాకా అడగొచ్చు. మిషను కొటేషను, జీఎస్టీ బిల్లు మీ పేరు మీదే తీసుకోండి. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తామంటారు, ఆ వెయ్యి కోసం వారంటీ వదులుకోవద్దు.

సంత రోజు తప్ప ఎప్పుడైనా షెడ్డుకి రండి, గన్ను చేత్తో పట్టుకుని ఒక చక్రం విప్పి చూడొచ్చు. మీ దగ్గర బ్యాటరీ ఏదైనా ఉంటే అదీ తెచ్చుకోండి. కాటా కూడా ఒకటి కొన్నాం.