ఆ ఊళ్లో సెల్ మోగదు!

వంటింట్లో మిక్సీ వేయగానే హాల్లో టీవీ తెరమీద చుక్కలు, రేడియోలో గరగర... ఇంటిమీద యాంటెనా ఉన్న రోజుల్లో ఈ తంటా ఎరగని ఇల్లు లేదు. ‘పాట అయ్యేదాకా ఆ మిక్సీ ఆపండర్రా’ అని కేకేసినవాళ్లూ ఉంటారు. సరిగ్గా ఆ గరగర రాకూడదనే అమెరికాలో ఓ ఊరు అరవై ఏళ్లకు పైగా జాగ్రత్తపడుతోంది. అయితే, పాట కోసం కాదు... నక్షత్రాల కోసం!

ఆ ఊరి పేరు గ్రీన్‌బ్యాంక్. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో అలెఘనీ కొండల నడుమ లోయలో ఉంటుంది. జనాభా రెండొందలు కూడా ఉండదు. పచ్చిక బయళ్లు, మేస్తున్న ఆవులు, వాటి వెనక ఆకాశాన్నంటే తెల్లటి గొడుగు... అదే గ్రీన్‌బ్యాంక్ టెలిస్కోప్. ఎత్తు 148 మీటర్లు, బరువు దాదాపు 7,600 టన్నులు. ఎటు కావాలంటే అటు తిప్పగలిగే రేడియో టెలిస్కోపుల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. అక్కడున్న పాత టెలిస్కోప్ 1988 నవంబరులో ఓ రాత్రి ఉన్నట్టుండి కూలిపోవడంతో దీన్ని కట్టి 2000లో ప్రారంభించారు.

నిప్పురవ్వా శత్రువే

సుదూర నక్షత్రాల నుంచి వచ్చే రేడియో తరంగాలు ఎంత బలహీనమంటే, చందమామ మీద ఒక్క సెల్‌ఫోన్ పనిచేసినా ఈ టెలిస్కోపుకి అది ఆకాశంలోకెల్లా బలమైన రేడియో వనరుల్లో ఒకటిగా కనిపిస్తుంది. అందుకే 1958లో ఈ ఊరి చుట్టూ సుమారు 34,000 చదరపు కిలోమీటర్ల మేర ‘నేషనల్ రేడియో క్వైట్ జోన్’ ఏర్పాటుచేశారు. ఆ పరిధిలో ప్రసార టవరు పెట్టాలంటే ముందు అబ్జర్వేటరీతో సంప్రదించాల్సిందే. అంతకు రెండేళ్ల ముందే రాష్ట్రం మరో చట్టం చేసింది. పది మైళ్లలోపు టెలిస్కోపుకి అడ్డుతగిలే పరికరం వాడితే రోజుకి 50 డాలర్ల జరిమానా!

టెలిస్కోప్ దగ్గరికి డీజిల్ బండ్లే వెళ్లాలి. పెట్రోలు ఇంజిన్‌లో స్పార్క్‌ప్లగ్ రవ్వ విసిరిన ప్రతిసారీ రేడియో తరంగాలు పుడతాయి మరి. డీజిల్ ఇంజిన్‌కి ఆ రవ్వతో పనిలేదు. డిజిటల్ కెమెరాలను గేటు దగ్గరే ఆపేస్తారు. కంప్యూటర్ల గోల బయటికి పొక్కకుండా వాటిని లోహపు పొరలున్న గదుల్లో పెడతారు.

నిజానికి కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ అంతో ఇంతో గోల చేసేదే. అది పక్కదాని పని చెడగొట్టకుండా, పక్కదాని గోలకి తాను చెడకుండా చూసే విద్యే ‘ఎలక్ట్రోమాగ్నెటిక్ కంపాటబిలిటీ’. రేడియో ఇళ్లలోకి వస్తున్న 1930ల్లోనే దేశాలన్నీ కలిసి దీనికి కొలతలు పెట్టుకోవడం మొదలుపెట్టాయి. కొన్ని ల్యాప్‌టాప్ ఛార్జర్ల తీగకి ఉబ్బెత్తుగా కనిపించే గుండు కూడా ఆ గోలకి వేసిన అడ్డుకట్టే.

ఉడుతలూ దొరికిపోయాయి!

గ్రీన్‌బ్యాంక్‌లో గోల ఎక్కణ్నుంచి వస్తోందో వెతకడమే కొందరి ఉద్యోగం. యాంటెనాలు బిగించిన బండిలో ఊళ్లు తిరుగుతారు. కంచె తీగో, పాత హీటరో... దొరికితే బాగుచేయించడమో, కొత్తది ఇవ్వడమో చేస్తారు. ఓసారి అంతుబట్టని సంకేతాల జాడ తీస్తే, జంతు పరిశోధకులు రేడియో పట్టీలు తగిలించిన ఎగిరే ఉడుతలని తేలింది!

అయితే ఈ నిశ్శబ్దానికి మూల్యం చెల్లించేది ఊరివాళ్లే. కొండదారిలో కారు ఆగిపోతే ఇంటికి కబురు చెప్పడమెలా? ఆపదలో వచ్చే సిబ్బందికి వైర్‌లెస్ సరిగ్గా అందకపోతే ఎలా? స్థానికుల గోడు ఇది. వద్దన్నా చాలా ఇళ్లలోకి వైఫై వచ్చేసింది. మరోవైపు, రేడియో తరంగాలతో జబ్బు చేస్తోందని నమ్మేవాళ్లు వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆ నమ్మకానికి శాస్త్రీయ ఆధారం దొరకలేదు. వాళ్ల బాధ మాత్రం వాళ్లకి నిజమే.

ఇప్పుడు అసలు బెంగ పైనుంచి. క్వైట్ జోన్ నిబంధనలు నేలమీది టవర్లకే. తలమీదుగా వేల సంఖ్యలో వెళ్లే ఇంటర్నెట్ ఉపగ్రహాలకి ఆ కంచె అడ్డురాదు. వాటిని నడిపే సంస్థలతో మాట్లాడుకుని సర్దుబాటు చేసుకోవడమే దారి.

ఆవరణలో చెక్క చట్రంమీద నిలిపిన ఓ యాంటెనా నమూనా ఉంది. 1930ల్లో కార్ల్ జాన్‌స్కీ అనే ఇంజినీరు వాడినదానికి నకలు. సముద్రాల మీదుగా చేసే రేడియో ఫోన్లలో గరగర ఎక్కణ్నుంచి వస్తోందో కనిపెట్టమని కంపెనీ ఆయనకి పని అప్పగించింది. ఉరుముల గోల పోగా, సన్నని ‘హిస్’మనే చప్పుడొకటి మిగిలింది. అది పాలపుంత నుంచి వస్తోందని 1933లో ప్రకటించారు. రేడియో ఖగోళశాస్త్రం పుట్టిందలా.

అడ్డొచ్చిన గోలని వెతుకుతూ వెళ్తే ఆకాశమే పలికింది. దాన్ని వినడానికే ఈ ఊరు ఇంకా గొంతు తగ్గించుకుని బతుకుతోంది.