గ్రిట్ అంటే ఇసుకేనట!

నిరుడు అప్రైజల్ ఫామ్‌లో మా మేనేజర్ ఒక్క మాట రాశారు: 'ఇంకొంచెం గ్రిట్ చూపించాలి' అని. నలుగురి పని ఇద్దరం చేస్తూ, మూడు నెలలు రాత్రి రెండింటి దాకా మేలుకున్నాక నాకొచ్చిన సర్టిఫికెట్ అది!

ఆ శనివారమే బస్సెక్కి నేరేడుచర్ల వచ్చేశా. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. సంగతి చెబితే, 'గ్రిట్ అంటే ఏంది బిడ్డా?' అంది. ఫోన్‌లో డిక్షనరీ తీస్తే నాకే నవ్వొచ్చింది. మొదటి అర్థం ఇసుక, గరుకు రేణువులు! గుండె నిబ్బరం అనే అర్థంలో వాడటం 19వ శతాబ్దం మొదట్లో అమెరికాలో మొదలైందట.

'బియ్యంల ఉంటే మేం ఏరి పారేస్తం. మీ ఆఫీసోళ్లు అదే కావాల్నంటున్నరా?' అంది అమ్మ.

ఈ మాటకు ఇప్పుడింత గిరాకీ రావడానికి కారణం సైకాలజిస్టు ఏంజెలా డక్‌వర్త్. అమెరికాలోని వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీలో తొలి వేసవి శిక్షణను చివరిదాకా తట్టుకునేదెవరో గ్రిట్ స్కోరు బాగా చెప్పగలిగిందని 2007లో ఆమె బృందం రాసింది. 2016లో ఆమె 'గ్రిట్' పుస్తకం వచ్చింది. దూరపు లక్ష్యం మీద ఇష్టం, దాన్ని వదలని ఓపిక... రెండూ కలిస్తేనే గ్రిట్ అంటారామె. ఆఫీసుల్లోకొచ్చేసరికి ఇష్టం ఎగిరిపోయి, 'ఓర్చుకో' ఒక్కటే మిగిలింది.

మా పొలం సాగర్ ఎడమ కాలువ కింద. నీళ్ల వంతు కోసం నాయన టార్చిలైటు పట్టుకుని రాత్రంతా తూము దగ్గరే కూర్చునేవాడు. పట్టుదల అంటే నాకు అదే గుర్తొస్తుంది. కానీ 2015లో సాగర్‌లో నీళ్లు లేవు. నాయన నారే పోయలేదు. నేనప్పుడు బీటెక్‌లో కొత్తగా చేరా. 'అప్పుడే వదిలేస్తే ఎట్ల నాయనా?' అన్నా.

'నీళ్లు రావని తెలిసినంక నారు పోసుడు పట్టుదల కాదురా, మొండితనం' అన్నాడు.

ఆయన వ్యవసాయం వదల్లేదు. ఆ ఏడాది వరి వదిలాడు, అంతే. బోరు కింద అరెకరంలో కూరగాయలు పెట్టాడు. కాలువకు నీళ్లొచ్చాక మళ్లీ నాట్లేశాడు.

సోమవారం ఆఫీసుకెళ్లి, ఫామ్‌లో నా జవాబు రాశా: 'పని వదలను. కానీ ఇంకో మనిషైనా కావాలి, నెల గడువైనా కావాలి.' మనిషిని ఇవ్వలేదు. మూడు వారాల గడువిచ్చారు. అది చాలింది, ప్రాజెక్టు లైవ్‌లోకి వెళ్లింది. మూడు నెలలుగా నోరు తెరిచి అడగకపోవడమే నా తప్పని అప్పుడు తెలిసింది.

మీకూ ఎవరైనా 'గ్రిట్ లేదు' అంటే కుంగిపోకండి. ముందు కాలువలో నీళ్లున్నాయో లేదో చూసుకోండి. ఉంటే, రాత్రంతా తూము దగ్గర కూర్చోండి. లేకపోతే, నీళ్లు వదిలేవాళ్లను వెళ్లి అడగండి. అలా అడగడానికీ గుండె నిబ్బరం కావాలి మరి!