మూత తీయనిచ్చే మిషిన్

మా నాయినకు మాల్‌లో మోటర్ వైండింగ్ షాపుంది. ఈ మాట చెప్పగానే హాస్టల్లో అందరూ అడిగేది ఒకటే, "ఏ మాల్‌రా, ఎన్నో ఫ్లోరు?" అని. మాల్ అంటే ఊరి పేరు. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు మీద ఇబ్రహీంపట్నం, యాచారం దాటినాక వస్తది. మా షాపుకు ఏసీ లేదు, లిఫ్టు లేదు. కాలిపోయిన బోరు మోటర్లున్నాయి, రాగి తీగ చుట్టలున్నాయి, నూనె మరకలు పడ్డ ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది.

ఆ నోట్‌బుక్ సంగతి తర్వాత చెప్తా. ముందు నా లాప్‌టాప్ సంగతి.

ఫస్టియర్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. సెకండియర్‌కు వచ్చేసరికి ఆన్ బటన్ నొక్కి, పోయి స్నానం చేసొచ్చినా తెరమీద చక్రం తిరుగుతనే ఉండేది. కొత్త వెర్షన్ ఎక్కిద్దామంటే ఈ ప్రాసెసర్‌కు అది రాదని తేలింది. కొత్త లాప్‌టాప్ అడుగుదామంటే ఆ ఏడాది మా బోరే ఎండిపోయింది. అప్పుడు మా సీనియర్ అన్న ఒకాయన పెన్ డ్రైవ్ చేతిలో పెట్టి, "లినక్స్ మింట్. పాత డబ్బాలకు మంచిగుంటది, ఎక్కించుకో" అన్నడు. అంటే నేను లినక్స్ దిక్కు వచ్చింది సిద్ధాంతాలు చదివి కాదు, పైసలు లేక.

ఎక్కించేటప్పుడు అది ఒక ప్రశ్న అడుగుతుంది. పాతదాన్ని పక్కన ఉంచాలా, డిస్క్ మొత్తం తుడిచేయాలా అని. తుడిచేస్తే ఉన్నవన్నీ పోతాయని కూడా చెప్తుంది. రాత్రి పదకొండున్నరకు నేను ఆ వాక్యం చదవకుండానే నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోయిన. అరగంటలో పనైపోయింది. లాప్‌టాప్ నిమిషంలోపే ఆన్ అయితే సంబరపడి రూమ్మేట్‌ను నిద్రలేపి చూపించిన. ఆ తర్వాత ఫోటోల ఫోల్డర్ కోసం వెతికిన. అప్పుడర్థమైంది ఏం చేసిన్నో.

అందులో మా నాయనమ్మ ఫోటో ఉంది.

మాది మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ గురించి మీరు పేపర్లలో చదివే ఉంటరు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించొద్దంటారు. మా దిక్కు చాలా ఊర్ల బోర్లలో అంతకు మించే ఉండేది. ఏండ్లకేండ్లు ఆ నీళ్లే తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముకలు వంకర పోతాయి. నాయనమ్మ నడుం వంగిపోయింది, మెడ లేవకపోయేది. ఎవరు పలకరించినా వాళ్ల కాళ్ల దిక్కు చూస్తూనే జవాబు చెప్పేది. చెప్పులు చూసి మనిషిని గుర్తుపట్టేది. ఆమె ముఖం నిండుగా పడ్డ ఫోటో ఒక్కటంటే ఒక్కటే. సద్దుల బతుకమ్మ నాడు మా చెల్లె నేలమీద పండుకొని కింది నుంచి తీసింది. ఆ ఫోన్ పాడయ్యే ముందు నేనే లాప్‌టాప్‌లోకి ఎక్కించిన.

నాయనమ్మ పోయినప్పుడు హడావిడిలో ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించినం. అందులో ఆమె కండ్లు సరిగ్గా కనపడవు. సంవత్సరీకానికి ఆ మంచి ఫోటో ప్రింట్ తీయించుకొస్తానని నాయినకు మాటిచ్చింది నేనే. దానికింకా 16 రోజులుంది.

సీనియర్ అన్న రూము తలుపు కొట్టిన. ఆయన తిట్టలేదు. "ముందు ఆఫ్ చెయ్. ఇంక ఆ డిస్క్ మీద ఒక్క ఫైలు కూడా రాయకు" అన్నడు. తర్వాత చెప్పిండు. మనం డిస్క్‌ను తుడిచినమనుకున్నప్పుడు నిజంగా పోయేది పుస్తకంలో విషయసూచిక మాత్రమే. ఏ ఫైలు ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక పోతుంది. పేజీలు అట్లనే ఉంటాయి, వాటిమీద కొత్తది రాసేదాకా. 500 జీబీలో మింట్ తన కోసం తీసుకున్నది కొన్ని జీబీలే. మిగతాదంతా ఇంకా అక్కడే ఉండొచ్చు.

అదే పెన్ డ్రైవ్ నుంచి, డిస్క్‌ను ముట్టకుండా లినక్స్‌ను నడిపించినం. క్లాస్‌మేట్ దగ్గర ఒక బయటి హార్డ్ డిస్క్ అడుక్కొచ్చిన. టెర్మినల్‌లో ఒక్క లైను కొడితే ఫోటోరెక్ అనే చిన్న ప్రోగ్రామ్ దిగింది. అది పట్టికను పట్టించుకోదు. డిస్క్‌ను మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ పోతుంది. ప్రతి జేపెగ్ ఫోటో మొదట్లో ఒకే గుర్తు లాంటి బైట్లుంటాయి. అవి కనపడ్డ చోటల్లా ఆగి, ఆ ఫోటోను ఎత్తి పక్కన పెడుతుంది. పేర్లు మాత్రం తేలేదు, అవి పట్టికతోనే పోయినయి కదా. ప్రతి ఫైలుకు ఎఫ్ అనే అక్షరం, దాని వెనక ఒక పెద్ద నంబరు.

రాత్రి రెండింటికి పెడితే పొద్దున పది దాటినాక ముగిసింది. వేలకు వేల ఫైళ్లు. వెబ్‌సైట్ల ఐకాన్లు, ప్రకటనల బొమ్మలు, సినిమా పోస్టర్లు, సగంలో తెగిపోయిన ఫోటోలు. రెండ్రోజులు ఒక్కొక్కటే చూసిన. మూడోరోజు రాత్రి నాయనమ్మ కనపడ్డది. నుదురు, కండ్లు ఉన్నాయి, ముక్కు కింది నుంచి అంతా బూడిద రంగు. ఆ క్షణం ఎట్లుండెనో రాయలేను. ఇంకో నాలుగు వందల ఫోటోల తర్వాత అదే ఫోటో రెండో కాపీ వచ్చింది, నిండుగా. వెనక తంగేడు పూలతో సహా.

ఆ ఆదివారం ఇంటికిపోయి నాయినకు అంతా చెప్పిన. పోగొట్టిన సంగతి కూడా. ఆయన కాసేపు ఊకున్నడు. తర్వాత, "గది తయారు చేసినాయన ఎవరురా?" అన్నడు. క్రిస్టోఫ్ గ్రెనియే అని ఫ్రాన్స్ ఆయన, ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడ్ కూడా చూసుకోవచ్చు అన్న.

"పైసలెంత?"

"ఏం లేదు."

"మరి మనకెందుకిచ్చిండు?"

నా దగ్గర జవాబు లేదు. అప్పుడే షాపులో ఫోన్ మోగింది. నాయిన నోట్‌బుక్ తీసి, పేజీలు తిప్పి, ఒక లెక్క చదివి వినిపించిండు. జవాబు నా ముందే ఉంది.

ఆ నోట్‌బుక్‌లో ఏముంటుందంటే, విప్పిన ప్రతి మోటరు లెక్క. ఎన్ని హెచ్‌పీ, ఎన్ని గాళ్లు, తీగ ఏ గేజీ, ఒక్కో కాయిల్‌కు ఎన్ని చుట్లు. కాలిన తీగ పీకేముందే చుట్లు లెక్కపెట్టి రాసుకోవాలి, లేకపోతే మళ్లీ చుట్టడం కష్టం. దేవరకొండ దాకా వేరే మెకానిక్‌లు ఫోన్ చేసి అడుగుతుంటరు. నాయిన చదివి చెప్తడు. ఇంటర్‌లో ఉన్నప్పుడు నేనొకసారి అన్న, వాళ్లు మనకు పోటీ కదా, ఎందుకు చెప్తవు అని. "మోటరు కాలినోని చేను నా షాపు తెరిసేదాంక ఆగుతదా? నాకు మాత్రం ఎవలు చెప్పిండ్రు? సాగర్‌ల మా ఉస్తాద్ చెప్పిండు" అన్నడు.

నాయినకు కోపం తెప్పించేది ఒక్కటే. లోపల రెసిన్ పోసి సీల్ చేసి వచ్చే బోర్డులు. చిన్న పార్టు పోయినా మొత్తం మార్చాల్సిందే. "మూత తీయనియ్యని మిషిన్ నీది కాదు బిడ్డా, కిరాయిది" అంటడు.

తర్వాత చదువుకుంటే తెలిసింది, ఈ కథంతా మొదలైంది కూడా అలాంటి కోపంతోనే అని. రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో ఎంఐటీ ల్యాబ్‌లో పనిచేసేటప్పుడు, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు పోయేలా దాని సాఫ్ట్‌వేర్‌ను మార్చుకున్నడు. తర్వాత కొత్త ప్రింటర్ వచ్చింది, దాని సోర్స్ కోడ్ రాలేదు. కోడ్ ఉన్న మనిషిని పోయి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చిన, ఇవ్వలేను అన్నడట. 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్ట్ ప్రకటించిండు. 1991 ఆగస్టులో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏండ్ల కుర్రాడు తాను రాస్తున్న చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి నెట్‌లో చెప్పుకున్నడు. సరదాకే రాస్తున్న, పెద్దగా ఏం కాదన్నడు. మన వయసువాడే. ఇప్పుడు మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది ఆ లినక్స్ కెర్నలే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలో అత్యంత వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి.

ఇదంతా ఎక్కడో జరిగిందని అనుకోవద్దు. మన జిల్లా పేరుతోనే ఇలాంటిదొకటుంది: నల్గొండ టెక్నిక్. 1970లలో నాగపూర్ నీరి శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తిప్పి, తేరుకోనిచ్చి వడగడితే ఫ్లోరైడ్ తగ్గుతుంది. ఊరికి పెద్ద ట్యాంకు కట్టొచ్చు, ఇంట్లో బకెట్‌లోనూ చేసుకోవచ్చు. టాంజానియాలో వాళ్ల నీళ్లకు తగ్గట్టు బకెట్ పద్ధతిగా మార్చుకున్నరు. లోపాలూ ఉన్నాయి. నీళ్లను బట్టి పటిక పాళ్లు మార్చాలి, అడుగున బురద మిగులుతుంది. కానీ పద్ధతి అందరి ముందూ ఉంది కాబట్టి లోపమూ అందరి ముందే ఉంది, సరిచేసేవాళ్లు సరిచేసుకున్నరు. ఇప్పుడు మా ఇంటికి నల్లాలో కృష్ణా నీళ్లొస్తున్నాయి. నాయనమ్మకే ఆలస్యమైంది.

ఇంగ్లిష్‌లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే పైసల్లేనిదనే అనుకుంటరు. మనకా తిప్పలు లేదు. ఉచితం వేరే మాట, స్వేచ్ఛ వేరే మాట. హైదరాబాద్‌లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసిన వలంటీర్ల సంస్థ పేరు కూడా స్వేచ్ఛే. మెనూలు తెలుగులోకి మార్చి అమ్మకు చూపిస్తే, మొదటిసారి నా లాప్‌టాప్ ముందు కూర్చొని పైకి చదివింది.

కష్టాలు దాచను. వైఫై పనిచేయడానికి నాకు రెండ్రోజులు పట్టింది. ఈసీఈ ల్యాబ్‌లో వాడే ఒక సాఫ్ట్‌వేర్ ఇందులో నడవదు, దానికి ఇప్పటికీ కాలేజీ సిస్టమే గతి. ఒకసారి ఏదో కెలికి తెర మొత్తం నల్లగా చేసుకున్న. అయినా దీన్ని ఎందుకు ఇష్టపడతరని అడిగితే నాకు తెలిసిన జవాబు ఇది. చెడగొట్టింది నేనే, ఎందుకు చెడిందో చూడనిచ్చింది అది. నాలాగే చెడగొట్టుకున్నోడు ఎవడో, ఎట్ల బాగుచేసిండో రాసిపెట్టి పోయిండు. మెకానిక్ కొడుకుకు అంతకన్నా ఏం కావాలి?

సంవత్సరీకం నాడు కొత్త ఫ్రేమ్ గోడకు తగిలించినం. నాయిన చాలాసేపు చూసి, "అమ్మ మనదిక్కే చూస్తున్నది" అన్నడు. అంతే. ఆ ఫైలు పేరు ఇప్పటికీ ఎఫ్, దాని వెనక నంబరు. మార్చబుద్ధి కాలేదు.

సెలవుల్లో నాయిన నోట్‌బుక్‌ను లిబ్రేఆఫీస్‌లో టైప్ చేయడం మొదలుపెట్టిన. సగం అయింది. ఎవరికి పంపాలె అంటే, "అడిగినోళ్లందరికి" అన్నడు.

సీనియర్ అన్న పాసై పోయిండు. పెన్ డ్రైవ్ ఇప్పుడు నా దగ్గరుంది. కావలసినవాళ్లు రండి. కాకపోతే ముందు మీ ఫోటోలన్నీ ఇంకోచోట కాపీ చేసుకొని రండి.